గ్రాములు తగ్గించే తుపాకీ విద్య: కొన్ని ఉచిత సలహాలు

మా కొడకండ్ల చుట్టుపక్కల కోతుల బాధ లేని ఊరు మీకు తెలిసి ఉంటే వెంటనే వెళ్లి అక్కడ గుంట జాగా కొనుక్కోండి, ఈ వ్యాసంతో మీకు పనిలేదు. మిగిలిన వాళ్ల కోసమే ఈ సలహాలు. మక్క కంకి పాలు పట్టే వేళకు గుంపు దిగుతుంది. గూనపెంకు లేపి వంటింట్లోకి తొంగి చూస్తుంది. కట్టె పట్టుకుని పోతే పళ్లు ఇకిలిస్తుంది. పటాకులు కాలిస్తే నాలుగు రోజులు ఉరుకుతుంది, అయిదో రోజు నుంచి కూర్చుని వింటుంది. కొండెంగ బొమ్మతో ఫ్లెక్సీ కడితే దాని నీడలోనే పిల్లకు పేలు చూస్తుంది. ఇక మిగిలింది ఎయిర్‌గన్. అది ఇంటికొచ్చిన మర్నాడే ప్రతి తమ్ముడికీ దాని నెత్తిన ఒక దుర్భిణి, అదే స్కోప్, ఉంటే బాగుండునని పుడుతుంది. దుర్భిణి నిలబడాలంటే మౌంట్ కావాలి. మౌంట్ అనగానే 'బరువెంత?' అని అడగడం మన వాళ్లు ఎక్కడో నేర్చుకున్నారు. అడగాల్సిన ప్రశ్న అదొక్కటే. దానికి జవాబు చెప్పే పెద్దమనిషి లేడు గనుక నేను పూనుకున్నాను.

మౌంట్ ఏం పని చేస్తుందో తెలుసుకోకపోతేనే మేలు, తెలిస్తే కొనే ఉత్సాహం చప్పబడుతుంది. అయినా అడిగారు గనుక చెబుతాను. ఎయిర్‌గన్ నడినెత్తిన పొడుగునా రెండు సన్న గాళ్లు కోసి ఉంటాయి. వాటి మధ్య వెడల్పు సుమారు 11 మిల్లీమీటర్లు. ఆ గాళ్లను అటూ ఇటూ దవడలతో కరిచి పట్టేది కింది ముక్క. స్కోప్ గొట్టాన్ని చుట్టి పట్టేది పై రింగు. వాటిని బిగించేవి చిన్న చిన్న స్క్రూలు. ఇంత సరంజామా చేసే పనల్లా కదలకుండా ఉండడమే. కదలకుండా ఉండడం ఫొటోలో పడే గుణం కాదు, దోస్తులకు చూపించుకునేదీ కాదు, కాబట్టి దానికి మార్కులు వేయకండి. బరువైతే డబ్బా మీద అచ్చు వేసి ఉంటుంది. అచ్చులో ఉన్నదాన్ని నమ్మడం చదువుకున్నవాళ్ల లక్షణం.

ఇప్పుడు లెక్క చూద్దాం. తుపాకీ మూడు కిలోల పైచిలుకు. దాని మీద స్కోప్ నాలుగు వందల గ్రాముల దాకా. మామూలు అల్యూమినియం రింగుల జత నూరు గ్రాములకు కాస్త అటూ ఇటూ ఉంటే, తేలిక రకం అందులో సగం. అంటే మూడున్నర కిలోల మీద మీరు మిగిల్చుకున్నది యాభై గ్రాములు. దీనికోసం రెట్టింపు ధర పెట్టడం ఎంతమాత్రం దండగ కాదు. అయితే జాగ్రత్త, చేను కాపలాకు బయలుదేరేముందు చెంబెడు నీళ్లు తాగకండి. యాభై గ్రాములు మౌంట్‌లో మిగిల్చి అయిదు వందల గ్రాములు కడుపులో పోసుకుంటే పెట్టిన పైసలన్నీ గంగలో కలిసినట్టే.

ఇంకా తగ్గించాలనుంటే దారులున్నాయి. రింగులు రెండెందుకు? ఒకటి పీకేస్తే సగం బరువు అక్కడే పోతుంది. స్కోప్ మధ్యలో ఒక్క రింగు మీద తక్కెడ కాడలా ఊగుతుందంటారు, ఊగనివ్వండి. ఒక్కో రింగుకు పైన నాలుగు స్క్రూలిస్తే ఎదురెదురు మూలల రెండు చాలు. స్కోప్ అద్దాల మూతలు పారేయండి, దుమ్ముకు బరువుండదు.

తేలిక మౌంట్లకు అసలు గిరాకీ ఎక్కడుందో కూడా చెప్పాలి. ఆల్ప్స్ కొండల్లో, న్యూజిలాండ్ గుట్టల్లో పొద్దున బయలుదేరి పొద్దుగూకే దాకా నిట్టనిలువుగా ఎక్కుతూ వేటాడే వాళ్లుంటారు. వాళ్లకు భుజాన ప్రతి యాభై గ్రాములూ సాయంత్రానికి రాయి అవుతుంది. వాళ్లు మౌంట్‌లోనే కాదు, టూత్‌బ్రష్ కాడ కూడా విరిచి బరువు తగ్గించుకునే రకం. మన తమ్ముడు బైకు దిగి ఒడ్డు మీద నడిచేది ఇరవై గజాలు. అందులో పది గజాలు తుపాకీ వెనకాల కూచున్నవాడి చేతిలో ఉంటుంది. ఇద్దరి కష్టమూ ఒకటేనని గ్రహించాలి.

గిట్టనివాళ్లు కొందరు బయాథ్లాన్ సంగతి ఎత్తుతారు. మంచు మీద స్కీలు తొడుక్కుని, తుపాకీ వీపున వేసుకుని మైళ్లకు మైళ్లు పరుగెత్తే ఆట అది. గ్రాములు లెక్కపెట్టుకోవాల్సింది నిజానికి వాళ్లు. కానీ ఆ ఆట నిబంధన తుపాకీ 3.5 కిలోలకు తగ్గరాదని. తగ్గించనిస్తే అందరూ తగ్గించుకుంటూ పోతారని భయం కాబోలు. పైగా వాళ్లకు స్కోప్ కూడా పెట్టుకోనివ్వరు. ఇలాంటి ఉదాహరణలు మన వాదానికి పనికిరావు గనుక వదిలేద్దాం.

హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ పేరు చెప్పేవాళ్లు అంతకన్నా ప్రమాదకారులు. 2003లో హైదరాబాద్‌లోనే జరిగిన ఆఫ్రో ఏషియన్ క్రీడల్లో బంగారు పతకం కొట్టాడు. 2012 జూలై 30న లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో 701.1 పాయింట్లతో కంచు తెచ్చాడు. సరే, తెచ్చాడు. ఆ ఆటలో పదికి పది ఇచ్చే చుక్క ఎంతుంటుందో తెలుసా? అడ్డంగా అర మిల్లీమీటరు. ఆవగింజను పక్కన పెడితే ఆవగింజే పెద్దది. పది మీటర్ల దూరం నుంచి, నిలబడి, దాన్ని కొట్టాలి. స్కోప్ నిషేధం. వెనక ఒక చిన్న రంధ్రం, ముందు ఒక రింగు, రెండింటిలోంచి కన్ను. బరువు సంగతికొస్తే తుపాకీ 5.5 కిలోలు మించకూడదని అక్కడ నియమం. ఆటగాళ్లేమో తగ్గించుకోవడం మాని, ఆ హద్దు లోపల తమ ఒంటికి కుదిరేదాకా తుపాకీకి ఇనుప ముక్కలు తగిలించుకుంటారు. బరువుంటే గొట్టం వణకదట. ఒలింపిక్ పతకాలు తెచ్చినవాళ్లకు బరువు ఎంత మంచిదో తెలిసి ఉండవచ్చు, కానీ మన దగ్గర కోతులు ఒలింపిక్ నియమాలు పాటించవు కదా.

ఇప్పుడు అసలు ఘట్టం. మన ఊళ్లల్లో ఉండేవి ఎక్కువగా స్ప్రింగు తుపాకులు. మందుగుండు లేదు కనుక దెబ్బ లేదనుకుంటాం. గొట్టాన్ని మధ్యకు విరిచినప్పుడు లోపల స్ప్రింగు నొక్కుకుని కూచుంటుంది. ట్రిగ్గర్ లాగగానే పిస్టన్ ముందుకు దూకుతుంది, తుపాకీ వెనక్కి తంతుంది. పిస్టన్ పోయి పోయి తాను నొక్కిన గాలికే కొట్టుకుని ఆగుతుంది, అప్పుడు తుపాకీ దబ్బున ముందుకు కుదుపుతుంది. అంతా రెప్పపాటులో ఒక వంతు. ఒక తన్ను వెనక్కి, ఒక తన్ను ముందుకు. పెద్ద తుపాకుల స్కోపులు వెనక్కి తన్నే ఒక్క దెబ్బకే తయారై ఉంటాయి. ముందుకు కుదిపే దెబ్బ వాటికి అలవాటు లేదు. అందుకే అడవిపందిని కొట్టే రైఫిల్ మీద పదేళ్లు చెక్కుచెదరని ఖరీదైన స్కోప్, ఛర్రాల తుపాకీ మీద పదిహేను రోజుల్లో లోపలి గీత తెగి ఊడిపడుతుంది. మీరు మాత్రం స్కోప్ డబ్బా మీద 'ఎయిర్‌గన్‌కు పనికొస్తుంది' అని రాసి ఉందా అని వెతుక్కోకండి. అక్షరాలు చిన్నవి, కళ్లకు శ్రమ.

ఆ రెండో కుదుపుకే మౌంట్ కూడా జారుతుంది. తుపాకీ ముందుకు పోతుంటే మౌంట్ దానితో పోలేక ఒక వెంట్రుకవాసి వెనకబడుతుంది. నూరు ఛర్రాలకు ఆ వెంట్రుకవాసి మీ కనుబొమ దాకా వస్తుంది. దీన్ని ఆపడానికి మౌంట్ కింద ఒక పిన్ను, తుపాకీ నెత్తిన దానికి సరిపడే గుంట పెడతారు. పిన్ను గుంటలో కూర్చుంటే మౌంట్ ఎక్కడికీ పోదు. ఆ పిన్ను బరువు రెండు మూడు గ్రాములుంటుంది. పీకేయండి! మౌంట్ జారిందని తెలుసుకోవడానికి సులభమైన గుర్తు ఉంది. పక్కింటి మామ వచ్చి, 'గిదేందిరా, నిన్న మా నీళ్ల ట్యాంకుకు చిల్లు వడ్డది' అంటాడు. అప్పుడు మౌంట్‌ను ముందుకు జరుపుకుంటే సరి.

గాలి సిలిండరుతో పనిచేసే పీసీపీ తుపాకులు వేరు. వాటిలో బరువైన పిస్టనూ లేదు, ఈ రెండు తన్నులూ లేవు. వాటి మీద తేలిక మౌంట్ నిజంగానే చెల్లుతుంది. అంటే ఈ వ్యాసానికి అర్థముండే చోటు అదొక్కటే. అవి ఖరీదు గనుక వాటి గురించి మాట్లాడను.

బిగింపు విషయంలో చాలామంది పిరికితనం చూపిస్తారు. రింగు స్క్రూలకు రెండు న్యూటన్ మీటర్ల బిగువు చాలని తయారీదారులు చెబుతారు. పొట్టి అలెన్ కీని రెండు వేళ్లతో పట్టి, ఒక స్క్రూ కొంచెం, ఎదురుది కొంచెం, రెండు వైపులా సందు సమానంగా ఉండేట్టు చూసుకుంటూ బిగించమంటారు. ఇది ఆడపిల్లకు జడ వేసినంత ఓపిక పని. ట్రాక్టర్ చక్రం విప్పేటప్పుడు పానాకు పైపు తొడిగే విద్య మనకుండగా ఈ వేళ్ల విద్య ఎందుకు? అలెన్ కీకి పైపు తొడగండి. 'క్‌ర్‌ర్' అని వినిపించేదాకా తిప్పండి. ఆ చప్పుడు రెండింటిలో ఒకటి. అల్యూమినియంలో కోసిన మర తెగి ఉంటుంది, అయితే స్క్రూ ఇక ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటుంది, బిగుస్తోందన్న తృప్తి జీవితాంతం ఉంటుంది. లేదా స్కోప్ గొట్టం లోపలికి నొక్కుకుని ఉంటుంది. రింగు విప్పి చూస్తే నల్లటి గొట్టం చుట్టూ మెరిసే తెల్లటి చారలు కనిపిస్తాయి. జూమ్ రింగు తిప్పి చూడండి. మునుపు వెన్నలా తిరిగేది ఇప్పుడు ఇసుక నమిలినట్టు తిరుగుతుంది. గురి కుడికి సర్దబోతే లోపలి గొట్టం కదలదు, లేదా కదిలి వెనక్కి రాదు. స్కోప్ పోయినా మౌంట్ మాత్రం గట్టిగా పట్టిందని ఒప్పుకోవాలి.

కొలతలు చూసి కొనడం అనుమానపు మనుషుల లక్షణం. స్కోప్ గొట్టాలు ముఖ్యంగా రెండు రకాలు: ఒక అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్లు, ఇంకోటి 30 మిల్లీమీటర్లు. 30 రింగులో 25.4 గొట్టం వదులవుతుంది, సైకిల్ ట్యూబు ముక్క చుట్టండి. దవడల్లోనూ రెండు కులాలున్నాయి. ఎయిర్‌గన్ సన్న గాడి ఒకటి. అమెరికా సైన్యం 1995లో ఒక ప్రమాణంగా ఖాయం చేసిన పికటిన్నీ పట్టా ఇంకొకటి. న్యూజెర్సీలోని ఆయుధశాల పేరు దానికి పెట్టారు. అందులో అడ్డంగా కోసిన గాట్లు 5.23 మిల్లీమీటర్ల వెడల్పు, ఒక గాటు నడిమి నుంచి తర్వాతి గాటు నడిమికి 10.01 మిల్లీమీటర్లు. ఆ సున్నా ఒకటి దగ్గర కూడా రాజీపడలేదంటే వాళ్లకు వేరే పనిలేదని అర్థం. ఆన్‌లైన్‌లో కనిపించే తేలిక మౌంట్లలో మంచి రంగువన్నీ పికటిన్నీవే. మీ తుపాకీకి ఉన్నది సన్న గాడి. ఆర్డర్ పెట్టేయండి. వచ్చాక ఆకురాయితో అరగదీస్తే పడుతుంది, కొన్ని గ్రాములు ఇంకా తగ్గుతాయి కూడా.

మౌంట్ ఎత్తు గురించి కూడా ఒక మాట. ఎత్తు మౌంట్ పెడితే మెడ వంచనక్కర్లేదు, హుందాగా ఉంటుంది. కాకపోతే కన్ను చూసే గీత గొట్టానికి నాలుగయిదు సెంటీమీటర్ల పైన ఉంటుంది గనుక, పాతిక మీటర్లకు గురి సరిచేసుకున్న తుపాకీ అయిదు మీటర్ల దగ్గర మూడు నాలుగు సెంటీమీటర్లు కిందికి కొడుతుంది. గోడ మీది డబ్బా మీద ప్లస్ గుర్తు పెట్టి గోడను కొట్టడం అలా జరుగుతుంది. ఇక 3-9 జూమ్ స్కోప్ కొన్నవాళ్లు దాన్ని 9 మీదే ఉంచాలి, పైసలు 9కే కట్టాం కదా. పది మీటర్ల దూరంలో 9 మీద పెడితే మీకు కనిపించేది ఒక మూరెడు జాగా. పెద్ద తుపాకుల స్కోప్ అయితే నూరు గజాలకు స్ఫుటంగా కనిపించేట్టు కుదిర్చి ఉంటుంది, దగ్గరిది మసక. కాబట్టి మీరు చూసేది మూరెడు బూడిదరంగు గొంగడి. అది కోతో, కొండెంగో, దండెం మీద ఆరేసిన గొంగడో తేల్చుకునే పని స్కోప్‌ది కాదు.

ఈ తావున ఆయుధాల బరువు గురించి మాట్లాడితే ఒక పాత చిక్కు ఎదురవుతుంది. కొడకండ్లకు ఎంతో దూరంలో లేని కడవెండిలో 1946 జూలై 4న విసునూరు దొర దేశ్‌ముఖ్ మనుషులు, ఆయన్ని ఎదిరించిన పల్లెజనం ఊరేగింపు మీద కాల్పులు జరిపారు. ఊరేగింపులో నడిచిన దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆ తుపాకులకు స్కోపులు లేవు, మౌంట్లు లేవు, ఎదురుగా ఉన్నవాళ్ల చేతుల్లో కట్టెలూ వడిసెలలూ ఉన్నాయి. ఆ తర్వాత చాలాకాలం ఈ పల్లెల్లో వడిసెల తిప్పడం రాని పిల్లాడు లేడు.

వడిసెలను మంచె మీది నుంచి చూడాలి. పేనిన తాళ్లు రెండు, మధ్యలో అరచేతంత అల్లిక. తాడు ఒక కొస వేలికి ఉచ్చులా ఉంటుంది, ఇంకో కొస బొటనవేలి కింద. గులకరాయి పెట్టి నెత్తి మీద తిప్పి బొటనవేలు వదిలితే రాయి పోతుంది, వదిలిన కొస గాలిలో 'ఛట్' మని పేలుతుంది. పక్షులు రాయికి లేవవు, ఆ చప్పుడుకు లేస్తాయి. జొన్నచేను కాపలా కాసిన ముసలామెను దీని బరువెంత అని అడిగితే, 'గదేం బరువుర కొడుక, రాయిది కదా బరువు' అంటుంది. మౌంట్ అక్కర్లేదు, స్క్రూ అక్కర్లేదు, 11 మిల్లీమీటర్ల గాడి అక్కర్లేదు. ఇంత తేలిక సరుకు పుక్కానికి దొరుకుతుంటే మన మౌంట్ల మార్కెట్ ఏం కావాలి? అందుకే వడిసెల గురించి పిల్లలకు చెప్పకండి.

కొందరు చట్టం గురించి భయపెడతారు. 2016 ఆయుధ నియమాల ప్రకారం గొట్టం 4.5 మిల్లీమీటర్లు దాటినా, శక్తి 20 జౌల్స్ దాటినా ఎయిర్‌గన్‌కు లైసెన్సు కావాలి. లోపల ఉంటే అక్కర్లేదు. లైసెన్సు అక్కర్లేదంటే దేన్నయినా కొట్టొచ్చని మన తమ్ముళ్లు చదువుకున్నారు. జంతువులను హింసిస్తే శిక్ష అని చెప్పే 1960 నాటి చట్టానికి తుపాకీ లైసెన్సుతో పనిలేదన్న ముక్క మాత్రం ఎవరూ చదవరు. అంతకన్నా పెద్ద చట్టం ఊళ్లో ఉంది. ఛర్రా తగిలి కోతి చస్తే, నిన్న దాన్ని తిట్టిన వాళ్లే చందాలేసుకుని, పాడె కట్టి, డప్పులతో తీసుకుపోయి పాతిపెడతారు. ఆ ఊరేగింపులో తుపాకీ ఎక్కడ దాచుకోవాలన్నది తేలిక మౌంట్ ఉన్నవాడికి కాస్త సులభం, అంతే తేడా.

ఇతర మార్గాలన్నీ బరువైనవే. 2020 డిసెంబర్‌లో నిర్మల్ జిల్లా చించోలి దగ్గర కోతుల పునరావాస కేంద్రం తెరిచారు. పట్టి తెచ్చిన కోతులకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి అడవికి వదలడం దాని పని. ఒక్కో కోతినీ పట్టాలి, బోనెక్కించాలి, జిల్లాలు దాటించాలి. ఎన్ని కిలోల శ్రమ! అడవి అంచుల్లో పండ్ల చెట్లు నాటి 'మంకీ ఫుడ్ కోర్టులు' పెడతామన్నారు. చెట్టు కాయడానికి ఏళ్లు పడుతుంది, మౌంట్ కొరియర్ నాలుగు రోజుల్లో వస్తుంది. 2020 అక్టోబర్ 31న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ స్వయంగా వచ్చి కొడకండ్లలో రైతు వేదిక ప్రారంభించారు. రైతులు ఒకచోట కూర్చుని మాట్లాడుకోవడానికి కట్టిన ఇల్లు అది. నాలుగు ఊళ్ల వాళ్లు కూర్చుని, మక్క వేసే చేలన్నీ ఒక్క తట్టు వేద్దామని, వంతులవారీగా కాపలా కాద్దామని అక్కడ మాట్లాడుకునే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. అలాంటి మీటింగ్ జరిగే రోజు మీరు ఇంట్లో కూర్చుని మౌంట్ తూకం వేసుకోవడం మంచిది.

చివరికి అమ్మకం. మర తెగిన మౌంట్, చారలు పడ్డ స్కోప్, ఇక కోతులకు అలవాటైపోయిన తుపాకీ, మూడూ కలిపి పెట్టండి. పక్క మండలం నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేస్తాడు. కదులుతుందా అని అడగడు, ఎంత కాలం వాడారని అడగడు. 'అన్నా, బరువెంతుంటది?' అంటాడు. '68 గ్రాములే తమ్మీ' అనండి. బేరం ఆడకుండా వచ్చి తీసుకుపోతాడు.